ఆ బాణీ ఎవరిది?

ఇంట్లో కీబోర్డో హార్మోనియమో ఉంటే ఒక్కసారి ముందుకు లాక్కోండి. లేకపోతే గొంతు చాలు. ప-గ-రి అనండి. అలా నాలుగుసార్లు. అయిందా? ఇప్పుడు ప-ద-స-ద-స. ఇదీ నాలుగుసార్లు. రెండేళ్లు సంగీతం నేర్చుకున్న పిల్లలెవరైనా పక్కనుంటే 'ఇవి మోహన రాగం స్వరాలే కదా' అనేస్తారు. నిజమే. స, రి, గ, ప, ద... గీతాల దగ్గరే పరిచయమయ్యే ఐదు స్వరాలు.

మీరిప్పుడు పాడుకున్న ఆ చిన్న ముక్క అమెరికాలో ఓ కోర్టు తీర్పుకెక్కింది. దాని కోసం రెండు దశాబ్దాలకు పైగా లాయర్లు వాదించుకున్నారు. లక్షల డాలర్లు చేతులు మారాయి. ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న ఓ గాయకుడు 'మళ్లీ పాట రాయాలంటేనే భయమేస్తోంది' అనుకునే స్థితికి వచ్చాడు.

స్వరాలు ఏడే. రాగాలు అందరివీ. మరి వాటితో కట్టిన బాణీ ఎవరిది? ఎక్కడివరకూ పోలిక, ఎక్కణ్నుంచి చోరీ? పాట పుట్టినప్పటినుంచీ ఉన్న ప్రశ్నే ఇది. కాకపోతే ఇప్పుడా ప్రశ్న ఖరీదు కోట్లలో ఉంది!

దేవుడి పాట మీద దావా

1969 డిసెంబరు. బీటిల్స్ బృందంలో ఒకడైన జార్జ్ హారిసన్ కచేరీల కోసం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ వెళ్లాడు. మన రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్న హారిసన్ ఇతనే. కృష్ణభక్తుడు కూడా. అక్కడ ఉండగానే గిటారు మీద రెండు మూడు తీగలు మీటుతూ దేవుడిని చూడాలన్న తపనతో ఓ పాట మొదలెట్టాడు. క్రైస్తవుల స్తుతినీ కృష్ణనామ సంకీర్తననీ ఒకే పాటలో కలిపాడు. అదే 'మై స్వీట్ లార్డ్'. 1970 చివర్లో విడుదలై అమెరికాలోనూ ఇంగ్లండులోనూ మొదటి స్థానానికి ఎగబాకింది. బీటిల్స్ విడిపోయాక ఆ నలుగురిలో సొంతంగా నంబర్‌వన్ పాట ఇచ్చిన తొలి వ్యక్తి హారిసనే.

పాట రేడియోలో మోగుతున్నకొద్దీ కొందరికి ఇంకేదో గుర్తుకు రావడం మొదలైంది. 'ఎక్కడో విన్నామే!' అనుకున్నారు. ఆ ఎక్కడో ఏమిటో తేలడానికి ఎక్కువకాలం పట్టలేదు. 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం పాడిన 'హీజ్ సో ఫైన్'. అదీ నంబర్‌వన్ పాటే. ఓ అమ్మాయి తన కంటికి నచ్చిన అబ్బాయి గురించి పాడుకునే చిలిపి పాట. దేవుడికీ దానికీ సంబంధమే లేదు. వరస మాత్రం దాదాపు అదే.

ఆ పాట కట్టింది న్యూయార్క్‌కి చెందిన రానీ మాక్ అనే నల్లజాతి కుర్రాడు. పాట దేశమంతా మార్మోగిన 1963లోనే, నిండా పాతికేళ్లయినా రాకుండా, క్యాన్సర్‌తో చనిపోయాడు. ఈ లోకంలో అతను వదిలివెళ్లిన పెద్ద ఆస్తి ఆ బాణీయే. దాని హక్కులున్న బ్రైట్ ట్యూన్స్ సంస్థ 1971 ఫిబ్రవరిలో హారిసన్ మీద దావా వేసింది.

మనసు చేసిన దొంగతనం

విచారణ 1976 ఫిబ్రవరిలో జరిగింది. జడ్జి రిచర్డ్ ఓవెన్ స్వయంగా సంగీతం తెలిసినవాడు. ఒపేరాలు కూర్చిన చెయ్యి. హారిసన్ గిటారు పట్టుకుని బోనెక్కి, తన పాట ఎలా పుట్టిందో ముక్కముక్కగా వాయించి చూపించాడు. నిపుణులు రెండు పాటలనూ కాగితం మీద స్వరాలుగా విడగొట్టారు.

ఇలాంటి కేసుల్లో కోర్టు అడిగేవి ముఖ్యంగా రెండే ప్రశ్నలు. ఒకటి, పాత పాటను ఇతను వినే అవకాశం ఉందా? రెండు, పోలిక ఎంత? మొదటిదానికి జవాబు తేలిగ్గానే దొరికింది. 'హీజ్ సో ఫైన్' ఇంగ్లండులోనూ ఏడు వారాలపాటు హిట్ల జాబితాలో ఉంది. ఆ రోజుల్లో అదే జాబితాలో బీటిల్స్ పాటా ఉంది. వినలేదంటే ఎవరు నమ్ముతారు?

రెండో ప్రశ్న దగ్గరే అసలు కథ. పాత పాటలో మొదటి ముక్క, మన లెక్కలో ప-గ-రి, నాలుగుసార్లు వస్తుంది. తర్వాత రెండో ముక్క, ప-ద-స-ద-స, నాలుగుసార్లు. విడివిడిగా చూస్తే ఈ రెండూ ఎవరి సొత్తూ కావని జడ్జే ఒప్పుకున్నాడు. కానీ ఇది నాలుగుసార్లు, వెంటనే అది నాలుగుసార్లు అన్న పేర్పు మాత్రం చాలా అరుదన్నాడు. హారిసన్ పాటలో మొదటి ముక్క నాలుగుసార్లు, రెండోది మూడుసార్లు. నాలుగోదాని స్థానంలో అంతే నిడివి ఉన్న వేరే స్వరాలు. అంతటితో అయిపోతే ఏమయ్యేదో! పాత పాటలో రెండో ముక్కను రెండోసారి పాడేటప్పుడు ఒక చిన్న 'రి' అలా తాకి వెళుతుంది. ప-ద-స-ద-రి-స. కొత్త పాటలోనూ సరిగ్గా అదేచోట అదే 'రి'! దొంగ వదిలిన వేలిముద్రలా దొరికిపోయింది.

ఆ ఏడాది ఆగస్టు చివర్లో తీర్పు వచ్చింది. హారిసన్ కావాలని కాపీ కొట్టాడా? లేదు, అలా అనుకోవడం లేదన్నాడు జడ్జి. మరి? ఎప్పుడో విన్న పాట అతని మనసు అడుగున ఉండిపోయింది. కొత్త పాట కోసం వెతుకుతున్నప్పుడు 'ఇది బావుంటుంది' అని ఆ మనసే అందించింది. అది తనది కాదన్న సంగతి మాత్రం అతనికి గుర్తులేదు. అయినా సరే, చట్టం దృష్టిలో అది ఉల్లంఘనే. తెలియక చేసినా తప్పు తప్పే!

పాటలు కట్టేవాళ్ల గుండెల్లో రాయి పడింది ఆ రోజే. చేతులు జేబులో పెట్టుకుని తిరగొచ్చు గానీ, జ్ఞాపకాలను ఎక్కడ పెట్టుకోవాలి?

కొసమెరుపు

ఇంతకంటే చిత్రమైన మలుపు తర్వాత వచ్చింది. కేసు మొదలైనప్పుడు హారిసన్ తరఫున బ్రైట్ ట్యూన్స్‌తో బేరాలాడింది అతని మేనేజరు అలెన్ క్లైన్. ఆ తర్వాత ఇద్దరికీ చెడింది. 1978లో అదే క్లైన్ 5,87,000 డాలర్లిచ్చి ఆ పాట హక్కుల్నీ, వాటితోపాటు ఈ దావానీ కొనేశాడు! నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాడు ఇవాళ ఎదుటి బల్ల దగ్గర కూర్చున్నాడన్నమాట. కోర్టు లెక్క ప్రకారం నష్టపరిహారం దాదాపు 16 లక్షల డాలర్లు. కానీ క్లైన్ చేసింది న్యాయం కాదని, అతను కొన్న 5,87,000 డాలర్లూ వడ్డీ మాత్రం ఇస్తే చాలని 1981లో జడ్జి తేల్చాడు. ఆ తర్వాత కూడా లెక్కల తగువులు ఏళ్లతరబడి సాగాయి.

డబ్బు సంగతి సరే, మనిషి సంగతి? గిటారు ముట్టుకోవాలంటేనే జంకు కలిగేదని, ఏ పాట విన్నా ఇంకో పాటలా అనిపించేదని హారిసన్ తర్వాత చెప్పుకున్నాడు. కసిగా ఆ కేసు మీదే వ్యంగ్యంగా ఓ పాట కట్టి వదిలాడు. 2001 నవంబరులో ఆయన కన్నుమూశాక 'మై స్వీట్ లార్డ్' మళ్లీ విడుదల చేస్తే, 2002 జనవరిలో ఇంగ్లండులో మరోసారి మొదటి స్థానంలో నిలిచింది. జనం కోర్టు తీర్పు చూసి పాటను ప్రేమించరు కదా!

క్విజ్‌లో ఓ ప్రశ్న

హారిసన్ పాటను జనం వెంటనే పసిగట్టారు. కొన్ని పోలికలు పాతికేళ్లకు గానీ బయటపడవు. ఆస్ట్రేలియాలో అదే జరిగింది.

1932లో మారియన్ సింక్లెయిర్ అనే మెల్‌బోర్న్ టీచరమ్మ పిల్లల కోసం కూకబర్రా పిట్ట మీద ఓ పాట కట్టారు. బళ్లలో, గైడ్స్ శిబిరాల్లో తరతరాల పిల్లలు పాడుకున్నారు. మన 'చందమామ రావే' లాగా అక్కడ అందరికీ వచ్చిన పాట. 1980ల మొదట్లో మెన్ ఎట్ వర్క్ అనే బృందం 'డౌన్ అండర్' పాటతో ప్రపంచాన్ని ఊపేసింది. అందులో గ్రెగ్ హామ్ అనే కళాకారుడు వేణువు మీద ఓ చిన్న ముక్క వాయించాడు. తమది ఆస్ట్రేలియా పాట కదా, ఆ వాసన తగలాలని!

పాతికేళ్లపాటు ఎవరూ ఏమీ అనలేదు. 2007లో ఓ టీవీ క్విజ్ కార్యక్రమంలో ప్రశ్న అడిగారు, 'ఈ వేణువు ముక్కలో దాగున్న పిల్లల పాట ఏది?' అని. పిల్లల పాట హక్కులు అప్పటికి లారికిన్ అనే సంస్థ చేతిలో ఉన్నాయి. సింక్లెయిర్ చనిపోయాక 1990లో కేవలం 6,100 ఆస్ట్రేలియా డాలర్లకు కొనుక్కుంది. క్విజ్ సంగతి తెలిసింది. ఇంకేముంది, దావా! సంస్థ పాట ఆదాయంలో 40 నుంచి 60 శాతం అడిగితే, కోర్టు 2010లో 5 శాతం ఇమ్మంది. 2002 నుంచి లెక్కగట్టి.

5 శాతమే కదా అనిపిస్తుంది. గ్రెగ్ హామ్‌కి అలా అనిపించలేదు. 'ఏదో కాపీ కొట్టినవాడిగా నన్ను గుర్తుపెట్టుకుంటారన్నదే నా బాధ' అన్నట్టుగా పత్రికలవాళ్ల దగ్గర వాపోయాడు. 2012 ఏప్రిల్‌లో తన ఇంట్లో చనిపోయి కనిపించాడు. వయసు 58.

ఊపు కూడా ఆస్తేనా?

ఈ రెండు కేసుల్లోనూ కనీసం స్వరాలు కలిశాయి. 2015లో లాస్ ఏంజెలెస్‌లో మరో అడుగు ముందుకు పడింది. రాబిన్ థిక్, ఫారెల్ విలియమ్స్ చేసిన 'బ్లర్డ్ లైన్స్' పాట, 1977లో మార్విన్ గే పాడిన 'గాట్ టు గివ్ ఇట్ అప్'కి కాపీ అని గే కుటుంబం వాదించింది. స్వరాలు పక్కపక్కన పెడితే పెద్దగా కలవవు. కానీ ఆ దరువు, ఆ ఊపు, వెనక గోల చేస్తున్న జనం సందడి... వింటే 'అదే తీరు' అనిపిస్తుంది. జ్యూరీ గే కుటుంబానికి దాదాపు 74 లక్షల డాలర్లు ఇప్పించింది. జడ్జి దాన్ని 53 లక్షలకు తగ్గించి, ఇకముందు వచ్చే రాయల్టీలో సగం కూడా ఇమ్మన్నాడు. 2018లో అప్పీలు కోర్టు కూడా చాలావరకు దాన్నే ఖాయం చేసింది.

సంగీత ప్రపంచం గగ్గోలెత్తింది. రెండొందల మందికి పైగా కళాకారులు అప్పీలు కోర్టుకు విన్నపం రాశారు. 'తీరు కలిసిందని శిక్షిస్తే రేపు ఎవరు పాట కట్టగలరు? మేమంతా పెద్దల పాటలు వింటూ నేర్చుకున్నవాళ్లమే కదా' అని వాళ్ల గోడు. అందులో నిజం ఉంది. గే కుటుంబం మాటలోనూ లేకపోలేదు. ఓ మనిషి జీవితమంతా వెచ్చించి సంపాదించిన తీరు అతని ఇంటివాళ్లకు ఆస్తి కాదా? రెండువైపులా న్యాయం ఉన్న తగువే తెగదు.

బోనులో గిటారు

'బ్లర్డ్ లైన్స్' తీర్పు తర్వాత దావాలు పెరిగాయి. హిట్టు కొట్టినవాడల్లా నోటీసు కోసం ఎదురుచూసే రోజులొచ్చాయి. అలాంటి రోజుల్లో ఎదురు నిలిచి పోరాడినవాడు ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్. మన వాళ్లకు కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ రామోజీ ఫిల్మ్‌సిటీలో పాడాడు. అదే పర్యటనలో బెంగళూరు వేదిక మీద శిల్పారావుతో కలిసి 'దేవర'లోని 'చుట్టమల్లే' అందుకుని తెలుగువాళ్లను మురిపించాడు.

2022లో లండన్ హైకోర్టులో 'షేప్ ఆఫ్ యూ' పాట మీద వచ్చిన ఆరోపణను ఎదుర్కొని గెలిచాడు. కావాలనీ కాపీ కొట్టలేదు, తెలియకుండానూ కొట్టలేదని అక్కడి జడ్జి స్పష్టంగా రాశారు. హారిసన్ కాలంనాటి 'తెలియని దొంగతనం' ఇన్నేళ్ల తర్వాతా వెంటాడుతోందన్నమాట! ఆ కేసు దెబ్బతో షీరన్ ఓ అలవాటు చేసుకున్నాడు. పాట కట్టడానికి కూర్చుంటే చాలు, మొదటినుంచి చివరిదాకా వీడియో తీయించడం. రేపెవరైనా అడిగితే చూపించడానికి సాక్ష్యం ఉండాలిగా.

మరుసటేడు న్యూయార్క్‌లో ఇంకో కేసు. 'థింకింగ్ అవుట్ లౌడ్' పాట, 1973 నాటి మార్విన్ గే పాట 'లెట్స్ గెట్ ఇట్ ఆన్'ని పోలి ఉందని, దాన్ని గేతో కలిసి రాసిన ఎడ్ టౌన్‌సెండ్ వారసుల దావా. గొడవంతా నాలుగు కార్డుల మీద. కార్డు అంటే ఒకేసారి మోగించే మూడు నాలుగు స్వరాల గుత్తి. పాశ్చాత్య సంగీతంలో పాటకు పునాదిలాంటిది. షీరన్ బోనులో గిటారు తీసుకుని, అవే గుత్తుల మీద రకరకాల పాటలు ఎలా నిలబడతాయో వాయించి వినిపించాడు. 'ఇవి పాటలు కట్టేవాళ్లందరి అక్షరమాల. ఒక్కరికి రాసిస్తే ఎలా?' అన్నది వాదన సారాంశం. ఓడిపోతే సంగీతమే మానేస్తానన్నాడు. విచారణ కారణంగా ఐర్లండులో తన నాయనమ్మ అంత్యక్రియలకు కూడా వెళ్లలేకపోయాడు. 2023 మే 4న జ్యూరీ అతని పక్షానే తీర్పిచ్చింది. అదే పాట మీద వేరే సంస్థ వేసిన దావానూ 2024 నవంబరులో అప్పీలు కోర్టు కొట్టేసింది. 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ అప్పీలు వినడానికే ఒప్పుకోలేదు.

గాలి మళ్లీ మారినట్టే. ఇటుకలు అందరివీ, కట్టిన ఇల్లు మాత్రమే సొంతం అన్న మాట గట్టిగా వినిపించింది.

మరి మన దగ్గర?

ఇటుకల సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు! మోహన రాగాన్నే తీసుకోండి. త్యాగరాజస్వామి 'నను పాలింప' అందులోనే. కచేరీల్లో వినిపించే 'నిన్నుకోరి' వర్ణం అందులోనే. 'మాయాబజార్' (1957)లో వెన్నెల్లో పడవ మీద సాగే 'లాహిరి లాహిరి' అందులోనే. 'ఘర్షణ' (1988)లో ఇళయరాజా 'నిన్నుకోరి వర్ణం' అందులోనే. ఒకే ఇంటి పిల్లల్లా పోలికలుంటాయి. అయినా ఎవరి ముఖం వాళ్లదే. రాగం ఎవరి సొత్తూ కాదని మన పెద్దలు ఏ చట్టమూ లేకుండానే ఒప్పుకున్నారు.

'లాహిరి' మాటొచ్చింది కాబట్టి మరొకటి. 'మాయాబజార్' టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల అని ఉంటుంది. ముందుగా పనిచేసిన సాలూరి రాజేశ్వరరావు తప్పుకోకముందే కొన్ని పాటలకు వరసలు కట్టారనీ, 'లాహిరి' వాటిలో ఒకటనీ పాత పాటల అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటూనే ఉంటారు. జనం జ్ఞాపకం కూడా ఓ రకం కోర్టే.

అలాగని మనకు గొడవలు లేవా? హిందీలో హిట్టయిన వరసకు తెలుగు మాటలు రాయించడం ఒకప్పుడు నిర్మాతలకు మామూలే. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ శతాబ్దం మొదలయ్యాక సీను మారింది. 'గ్యాంగ్ లీడర్', 'రౌడీ అల్లుడు' పాటలతో మనకు దగ్గరైన బప్పీలహరి గుర్తున్నారుగా? 1981లో 'జ్యోతి' అనే హిందీ సినిమాకు ఆయన చేసిన, లతా మంగేష్కర్ పాడిన పాటను 2002లో ఓ అమెరికన్ గాయని పాటలో గొంతుతో సహా వాడేశారు. 2003 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ కోర్టు, బప్పీలహరి పేరు వేయందే ఆ ఆల్బం అమ్మొద్దంది. మనవాళ్లు పండగ చేసుకున్నారు. తీరా చూస్తే, విచారణ ముందుకు సాగాక తేలిందేమిటి? డబ్బు తీసుకుని నిర్మాణసంస్థకు చేసిన పాట కాబట్టి హక్కు ఆయనకు లేదని! బాణీ కట్టినవాడు వేరు, బాణీకి యజమాని వేరు.

2008లో ముంబయిలో మరో సంచలనం. రామ్ సంపత్ అనే యువ స్వరకర్త ఓ సెల్‌ఫోన్ ప్రకటనకు చేసిన చిన్న ముక్క 'క్రేజీ 4' హిందీ సినిమా పాటల్లో వినిపించింది. సినిమా విడుదలకు సరిగ్గా రెండురోజుల ముందు బొంబాయి హైకోర్టు, ఆ పాటలతో సినిమా విడుదల చేయడానికి వీల్లేదంది. నిడివి కొన్ని సెకన్లే కావచ్చు, పాటకు ప్రాణం అదే అయితే అది చోరీ కిందకే వస్తుందన్నది తీర్పులో కీలకం. రెండు కోట్ల రూపాయలతో రాజీ కుదిరిందని అప్పట్లో పత్రికలు రాశాయి.

ఇటీవలి తగువు మరీ సున్నితమైంది. 2023లో వచ్చిన 'పొన్నియిన్ సెల్వన్ 2'లో ఏఆర్ రెహమాన్ చేసిన 'వీర రాజ వీర' పాట, తన తండ్రీ పెదతండ్రీ స్వరపరచిన శివస్తుతికి నకలని ధ్రుపద్ గాయకుడు ఫయాజ్ వాసిఫుద్దీన్ డాగర్ ఢిల్లీ హైకోర్టుకెళ్లారు. రెండూ ఆడాణా రాగమే. 2025 ఏప్రిల్‌లో ఏకసభ్య ధర్మాసనం డాగర్ వైపు మొగ్గి, రెండు కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమనీ, పేరు వేయమనీ ఆదేశించింది. సెప్టెంబరులో ఇద్దరు జడ్జీల ధర్మాసనం దాన్ని పక్కనపెట్టింది. కారణం? ఆ స్తుతిని డాగర్ సోదరులు పాడారన్నది నిజమే, కానీ దాన్ని కట్టింది వాళ్లేనని తొలిచూపుకు రుజువు కాలేదని.

ఆలోచిస్తే ఇది మన సంగీతానికంతటికీ తగిలే ప్రశ్న. గురువు నోటి నుంచి శిష్యుడి చెవిలోకి, అక్కణ్నుంచి అతని గొంతులోకి ప్రవహించిన విద్య మనది. ఎవరు మొదలెట్టారో, ఎవరు ఏ మెరుగు దిద్దారో కాగితం మీద రాసిపెట్టుకున్నది తక్కువ. కోర్టు అడిగేదేమో కాగితం!

అడిగితే పోలా?

ఇన్ని కేసులు చూశాక ఓ చిన్న కథ చెప్పుకోవాలి. హారిసన్ తోటివాడే పాల్ మెకార్ట్నీ. ఓ పొద్దున నిద్రలేచేసరికి తలలో ఓ వరస సిద్ధంగా ఉంది. కలలో వచ్చింది. పియానో దగ్గర కూర్చుని వాయిస్తే ఎంతో బావుంది. మరీ ఇంత తేలిగ్గా వచ్చిందంటే ఇది తనది కాదేమో, ఎప్పుడో విన్నదేమోనని అనుమానం. నెలరోజులపాటు కనబడ్డవాళ్లందరికీ వినిపించి 'ఇది మీరెక్కడైనా విన్నారా?' అని అడిగాడు. ఎవరూ విన్లేదన్నారు. అప్పుడుగానీ తనదని ఒప్పుకోలేదు. అదే 1965 నాటి 'ఎస్టర్‌డే'. ఆ తర్వాత ఎందరో గాయకులు మళ్లీ మళ్లీ పాడుకున్న పాట.

మరొకటి. శామ్ స్మిత్ పాడిన 'స్టే విత్ మీ' తన పాత పాటను పోలి ఉందని టామ్ పెటీ అనే సీనియర్ గమనించాడు. కోర్టుకు పోలేదు. మాట్లాడుకున్నారు. పాటలు రాసేవాళ్లకు ఇలాంటివి జరుగుతుంటాయని, తనకేం కోపం లేదని పెటీ బాహాటంగానే చెప్పాడు. కొత్త పాట మీద పెటీ పేరూ, అతనితో కలిసి రాసిన జెఫ్ లిన్ పేరూ చేరాయి. 12.5 శాతం వాటా ముట్టింది. కథ కంచికి.

మొదటి కథలో ఉన్నది వినయం. రెండోదాంట్లో మర్యాద. హారిసన్ చుట్టూ ఆ రోజు స్టూడియోలో ఎందరో వాద్యగాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరైనా 'ఇదెక్కడో విన్నట్టుంది బాబూ' అని ఉంటే? ఒక్క ఫోను, ఒక్క పేరు, కొంత వాటా. రానీ మాక్ పేరు దేవుడి పాట పక్కన చేరి ఉండేది. ఇన్నేళ్ల కోర్టు తిరుగుళ్లూ ఉండేవి కావు. హారిసన్ గిటారుకు భయమూ పట్టేది కాదు.

మన ఇళ్లలోనూ ఇప్పుడు పిల్లలు ఫోన్లో ట్యూన్లు కడుతున్నారు, చుట్టాలకు పంపుతున్నారు, లోకానికి వినిపిస్తున్నారు. 'భలే ఉంది' అని మెచ్చుకుంటూనే 'ఎక్కడైనా విన్నావా నాన్నా?' అని ఒక్క మాట అడగడం తప్పేం కాదు. విన్నదే అయితే ఎవరిదో చెప్పమనండి. పాటకు ఆ పేరు అలంకారమే.

ఇక మళ్లీ కీబోర్డు ముందుకు లాక్కోండి. ప-గ-రి, ప-ద-స-ద-స. నిర్భయంగా వాయించుకోండి. ఆ స్వరాల మీద ఎవరి పట్టా లేదు. వాటిని మీరు ఎలా పేరుస్తారన్నదే మీ సొంతం.

మన చట్టం ఏమంటోంది?

* మన దేశంలో పాటలకు రక్షణ ఇచ్చేది 1957 నాటి కాపీరైట్ చట్టం. స్వరకర్త జీవించి ఉన్నంతకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు బాణీకి హక్కు ఉంటుంది.

* పాటలో మాటలు వేరు, బాణీ వేరు, రికార్డింగు వేరు. మూడింటికీ విడివిడిగా హక్కులుంటాయి. ఒకరి దగ్గర అనుమతి తీసుకుంటే సరిపోదు.

* రాగం, తాళం ఎవరి సొత్తూ కావు. 1847లో కన్నుమూసిన త్యాగరాజస్వామి లాంటి వాగ్గేయకారుల కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఇవాళ్టి గాయకులు పాడిన రికార్డింగును మాత్రం అనుమతి లేకుండా వాడుకోకూడదు.

* 'కొన్ని సెకన్లు వాడుకుంటే తప్పులేదు' అని చాలామంది అనుకుంటారు. చట్టంలో అలాంటి లెక్కేం లేదు. ఎంత తీసుకున్నారన్నదానికంటే ఏం తీసుకున్నారన్నది ముఖ్యం.

* హక్కు రావాలంటే రిజిస్టర్ చేయించాలన్న నిబంధన లేదు. బాణీ కట్టినప్పుడే హక్కు పుడుతుంది. తేదీతో రికార్డు చేసి దాచుకుంటే రేపు రుజువుగా పనికొస్తుంది.

* 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమా హాళ్లలో ప్రదర్శనకు తప్ప మిగతాచోట్ల పాట వాడినప్పుడు వచ్చే రాయల్టీలో గీత రచయితకూ స్వరకర్తకూ సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నట్టు ముందే సంతకం చేయించుకున్నా చెల్లదు.